ఆకుపచ్చ మూత

పార్సిప్పనీ నుంచి నేపర్‌విల్‌కి ఎనిమిది వందల మైళ్ళ దారి. విమానంలో రెండు గంటలు. మేం కారులో వెళ్ళొచ్చామని తెలిసి మా అపార్ట్‌మెంట్లలోని తెలుగువాళ్ళు నాకేదో అయిందనుకున్నారు. నాకేం కాలేదు. మా మామగారు యోసేపు గారు జీవితమంతా డ్రైవరు. అలాంటి మనిషిని మబ్బుల మీదుగా తీసుకెళ్ళి ఏం లాభం? "పైనుంచి చూత్తే ఏం కనపడతది అమ్మాయ్? రోడ్డు మీద పోతేనే కదా మనుషులు కనపడేది" అన్నారాయన. సరేనన్నాను.

వెళ్ళాల్సిన పని చిన్నదేం కాదు. నేపర్‌విల్‌లో ఉన్న ఆయన కూతురు శాంతికి తొలి కాన్పులో మగబిడ్డ పుట్టాడు. ఆ ఆదివారం అక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలో బిడ్డను ప్రభువుకు ప్రతిష్ఠించే ప్రార్థన. మా ఇంటి ఆనవాయితీ ప్రకారం తాత బిడ్డను చేతుల్లోకి తీసుకుని పేరు చెప్పాలి. ఆ తర్వాతే పాస్టరుగారు ప్రార్థన మొదలుపెడతారు. అందుకోసమే మామయ్యగారు యానాం నుంచి వచ్చారు. ఏం పేరో ఎవరికీ చెప్పలేదు. ఎంత అడిగినా "ఆదివారం ఇంటారు కదా" అనేవారు. మా ఆయనకి డ్యూటీ ఉండటంతో శనివారం విమానంలో వస్తానన్నారు. శుక్రవారం తెల్లారగానే ఇద్దరం బయల్దేరాం.

ఆయన గురించి ఇంకో ముక్క చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. యానాం ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండగా అక్కడి దొర కారు నడిపింది ఆయనే. ఆ పాలన చివరి రోజుల్లో చుట్టుపక్కల నుంచి ఊళ్ళోకి సరుకు రావడం ఆగిపోయింది. కారు బ్రేకుల్లో పోసే నూనె కూడా అయిపోయింది. సరిగ్గా అప్పుడే ఒక జాలరి భార్యకి కాన్పు కష్టమైంది. కాకినాడ తీసుకెళ్ళాలి. మామయ్యగారు ఇంట్లోంచి ఆముదం, వీధిలోంచి సారా తెచ్చి, రెండూ కలిపి బ్రేకుల్లో పోసి, ప్రార్థన చేసుకుని కారు తీశారు. తల్లీ బిడ్డా బతికారు.

అప్పటి నుంచి ముప్పై ఏళ్ళుగా ఏ ప్రార్థన కూటంలోనైనా ఆయన చెప్పే సాక్ష్యం ఇదే. సాక్ష్యమంటే దేవుడు తనకు చేసిన మేలును నలుగురిలో నిలబడి చెప్పుకోవడం. "ప్రభువు సారాని కూడా పనికి వాడుకున్నాడండి, ఆయ్" అన్నచోట జనం నవ్వుతారు. చివర అందరూ "స్తోత్రం" అంటారు. కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

వజ్రం, సింహం, బాణాలు

అమెరికా వచ్చిన రెండు నెలల్లో ఆయనకి ఉన్న లోటల్లా ఒకటే. ఫ్రెంచి కార్లు కనబడవు. ఎటు చూసినా బారెడు పొడుగు అమెరికా కార్లు, లేదంటే చిన్న జపాను కార్లు. ఆయన కార్లను కంపెనీ పేర్లతో పిలవరు, ముందున్న గుర్తుతో పిలుస్తారు. వజ్రం గుర్తుంటే వజ్రం బండి, సింహం బొమ్మ ఉంటే సింహం బండి. దొర కారుకి రెండు బాణాలు ఒకదాని మీద ఒకటి ఉండేవట. అదే అన్నిటికీ పెద్ద. జీవితంలో ఇంకొక్కసారి బాణాల బండి నడపాలని ఆయన కోరిక. ఈ దేశంలో లైసెన్సు లేదని మా ఆయన ఎన్నిసార్లు చెప్పినా, "నడపనులేరా, కూకుంటాను" అనేవారు. కూర్చుంటే ఊరుకోరని మాకందరికీ తెలుసు.

డెలవేర్ నది దాటి పెన్సిల్వేనియాలోకి వచ్చాక పెట్రోలు బంకులో ఆగాం. మా న్యూజెర్సీలో కారులోంచి దిగక్కర్లేదు, బంకులో మనిషే పోస్తాడు. ఇక్కడ ఎవరిది వాళ్ళే పోసుకోవాలి. నేను గొట్టం పట్టుకుని నిలబడితే ఆయన తెగ ఇదైపోయారు. "డబ్బులూ మనవే, కూలీ మనమే. ఇదేం యాపారం అమ్మాయ్?" అన్నారు. తర్వాత కాఫీ కోసం రోడ్డు పక్క డైనర్లోకి వెళితే ఆ కోపం పోయింది. కప్పు ఖాళీ అయినప్పుడల్లా వచ్చి పోస్తారు, ఎన్నిసార్లు పోసినా ధర ఒక్కటే. ఆయన నాలుగు కప్పులు తాగారు. ఆ నాలుగింటి ఫలితంగా తర్వాతి వంద మైళ్ళలో మేం మూడుసార్లు ఆగాల్సి వచ్చింది.

ఆ డైనర్ బయటే మొదటిది కనబడింది. పెట్టెలాంటి చిన్న వజ్రం బండి, తలుపుల కింద అంచులు తుప్పుతో జల్లెడైపోయాయి. మామయ్యగారు దాని చుట్టూ తిరిగి బానెట్ మీద చెయ్యి వేశారు. మాకు కాఫీ పోసిన అమ్మాయే దాని సొంతదారు. బయటికి వచ్చి, "నచ్చిందా? తీసుకుపోండి, దీన్ని వదిలిస్తే మీకు దణ్ణం పెడతాను" అన్నట్టు చేతులు జోడించింది. ఆయనకి నవ్వు రాలేదు. కారెక్కాక, "బండిని అలా చులకన చెయ్యకూడదు" అన్నారు.

రెండోది ఒక పొలంలో, కొట్టం వెనక. చక్రాల్లేని పాత వజ్రం బండి, డోఫిన్ అనే రకం. పాండిచ్చేరిలో ఒకప్పుడు చూశారట. సీట్లలో కోళ్ళు కాపరం పెట్టాయి. ఆయన టోపీ తీసి కాసేపు నిలబడ్డారు. పొలం మనిషి ఎవరో దూరం నుంచి చూసి చెయ్యి ఊపాడు. చావింటికి వచ్చినవాళ్ళమనుకున్నాడేమో.

కొండ మీద మదామ్

మధ్యాహ్నం హైవే దిగి, పులిహోర తినడానికి చోటు వెతుక్కుంటూ ఒక చిన్న ఊరికి ఎక్కాం. కొండ మీద ఊరు, ఒకటే వీధి, చివర మందుల షాపు. వీధి మొదట్లో ఒక ఇంటి ముందు, బానెట్ ఎత్తి ఉన్న కారు. పొడుగ్గా, నున్నగా, నేలకి అంటుకున్నట్టు ఉంది. వెనక రెండు బాణాలు. మామయ్యగారు నా స్టీరింగ్ పట్టేసుకున్నారు. "ఆపు అమ్మాయ్, ఆపు."

కారు పక్కన అరవై దాటిన ఒకావిడ చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంది. ఈయన దిగి, టోపీ తీసి, ఫ్రెంచిలో "బోఁజూర్ మదామ్" అని పలకరించారు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పేరు ఎలెన్. యుద్ధం తర్వాత అమెరికా సైనికుణ్ణి పెళ్ళాడి నార్మండీ నుంచి ఆ కొండ మీదికి వచ్చింది. కారు భర్తది. ఆయన పోయి నాలుగేళ్ళు. ఆ ఊళ్ళో తన భాష మాట్లాడే మనిషి లేడు. ఇప్పుడు పొట్టిగా, నల్లగా, మెడలో మఫ్లర్‌తో ఒక యానాం మనిషి దిగాడు. ఇద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారో. నాకు ఒక్క ముక్క రాదు. మామయ్యగారు మధ్యమధ్య చెబుతుంటే తెలిసిందిది. ఆ కారుకి ఒకే నూనె. ఒళ్ళు పైకి లేవడానికీ, స్టీరింగ్‌కీ, బ్రేకులకీ అన్నిటికీ అదే. అది తగ్గిపోయింది. ఎక్కడో కాలిఫోర్నియా నుంచి పోస్టులో రావాలి, ఇంకా రాలేదు. రేపు శనివారం. ప్రతి శనివారం ఆవిడ కొండ దిగి, లోయలో ఉన్న భర్త సమాధి దగ్గరికి వెళుతుంది. నాలుగేళ్ళలో ఒక్క వారం తప్పలేదు.

మామయ్యగారు నావైపు తిరిగారు. "మందుల కొట్టులో ఆముదం దొరుకుద్దా? స్పిరిట్టు కూడా."

నేను ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. ఏది దేంతో కలిస్తే ఏమవుతుందో చూడటమే నా ఉద్యోగం. అడగాల్సింది నేను. అడగలేదు సరికదా, పరిగెత్తుకెళ్ళి కొనుక్కొచ్చాను. ముప్పై ఏళ్ళ సాక్ష్యం నా కళ్ళ ముందు మళ్ళీ జరగబోతోందని మురిసిపోయాను.

ఆవిడ ఏదో అడిగింది. ఈయన నవ్వి జవాబు చెప్పారు. "దొర కారు నడిపినోణ్ణండి అని చెప్పాను" అన్నారు నాతో. నూనె ట్యాంకు మూతను జేబురుమాలుతో శుభ్రంగా తుడిచి తిప్పారు. అది ఆకుపచ్చ మూత. ఆ రంగు నాకు బాగా గుర్తుంది. సీసాలు రెండూ కలిపి పోశారు. ఇంజను వేయగానే కారు వెనకభాగం ముందు, ముందుభాగం తర్వాత మెల్లగా పైకి లేచింది. ఎలెన్ చప్పట్లు కొట్టింది.

ఆవిడ మాకు సూపూ రొట్టే పెట్టింది, మేం పులిహోర పెట్టాం. ఎండుమిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది గానీ గిన్నె మాత్రం వదల్లేదు. మామయ్యగారు తన సాక్ష్యం ఫ్రెంచిలో చెప్పారు. సారా దగ్గర ఆవిడా నవ్వింది. వెళ్ళేటప్పుడు ఉత్తరం రాయమని చిరునామా, ఫోన్ నంబరు రాసిచ్చింది. "రేపు వచ్చి మీరే నడపండి" అందట. తిరుగు ప్రయాణంలో వస్తానని మాటిచ్చారు. ఆ సాయంత్రం ఒహాయో సరిహద్దు దాటేదాకా ఆయన పాటలు పాడుతూనే ఉన్నారు.

సింహం బండి మనిషి

శనివారం పొద్దున క్లీవ్‌లాండ్ దాటాక ఒక బంకులో సింహం బండి కనబడింది. ఇసుకరంగు 504 మోడలు, డీజిలుది. బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన పెద్దమనిషిది. ఫ్రెంచి కారుని చూసి పలకరించేవాళ్ళు ఆయనకీ అరుదే కాబట్టి సంతోషంగా మాట్లాడాడు. నేను మధ్యలో నిలబడి ఇటుదటు అటుదిటు చెబుతున్నాను. మామయ్యగారు నిన్నటి బాణాల బండి సంగతి చెప్పమన్నారు.

"అలాంటిది నాకూ ఉండేది. పదేళ్ళు నడిపాను" అన్నాడాయన. "రెడ్ ఆయిల్ కారా, గ్రీన్ ఆయిల్ కారా?"

నాకు అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పాడు. మొదట్లో వచ్చినవాటికి ఎర్ర నూనె. తర్వాత మార్చి ఆకుపచ్చ నూనె పెట్టారు. పొరపాటు పడకుండా ఆ కార్లలో మూతలకీ, డబ్బాలకీ ఆకుపచ్చ రంగే వేశారు. ఆకుపచ్చ కనబడితే ఆకుపచ్చ నూనె తప్ప ఇంకోటి పోయకూడదు.

తెలుగులో చెబుతూ ఆకుపచ్చ మూత దగ్గర ఆగిపోయాను. మామయ్యగారు నా మొహం చూశారు. "ఆముదం పోత్తే ఏమవుద్దో అడుగు" అన్నారు, చాలా మెల్లగా.

ఆ పెద్దమనిషి చేతిలోని కాఫీ కింద పెట్టాడు. "పాత కార్లకైతే నడిచేదేమో. దీని లోపలి రబ్బరు వేరు, ఆముదానికి ఉబ్బిపోతుంది. ప్రెషర్ నిలవదు. ఆ కారుకి బ్రేకులు కూడా దాంతోనే. ఎవరు నడుపుతున్నారు దాన్ని?"

పక్కనున్న ఫోన్ బూతు నుంచి ఎలెన్‌కి చేశాను. మోగీ మోగీ ఆగిపోయింది. మళ్ళీ చేశాను. అదే. అక్కడి పోలీసులకి చేస్తే, మనిషి దొరికితే ఇంటికి పంపి చూస్తామన్నారు. ఇంతలో ఆ పెద్దమనిషి మమ్మల్ని తన వెనకే ఇంటికి తీసుకెళ్ళి, షెడ్డులో మిగిలిపోయిన ఆకుపచ్చ నూనె గాలన్ డబ్బాలు రెండు తెచ్చి డిక్కీలో పెట్టాడు. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. శాంతికని తెస్తున్న సున్నుండల డబ్బా ఆయన చేతిలో పెట్టాను.

"మామయ్యగారూ, రేపు పొద్దున ప్రార్థన. వెనక్కి వెళ్ళి ఆ నూనె మార్చి వస్తే అందుకోలేం. పోలీసులు చూస్తామన్నారు కదా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"బిడ్డకి పేరు ఎవరైనా పెడతారు అమ్మాయ్. ఆ మూత తీసింది నేనొక్కణ్ణే" అన్నారు. కారు వెనక్కి తిప్పాను.

వెనక్కి

నాలుగు గంటల దారిలో ఆయన ప్రార్థన చేసుకుంటూనే ఉన్నారు. పెదవులు మాత్రమే కదులుతున్నాయి. మధ్యలో మమ్మల్ని దాటుకుంటూ వెండిరంగు సింహం బండి ఒకటి పోయింది, కొత్తది. నేను చూపించబోయి ఊరుకున్నాను. ఆయన తల తిప్పలేదు. నాకు భయమేసింది. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు కూడా ఆ మొహం అలా చూడలేదు.

మధ్యాహ్నం మూడింటికి కొండెక్కాం. ఇంటి ముందు కారు లేదు. తలుపు కొడితే పలకలేదు. మామయ్యగారు మెట్ల మీద ఒక్క క్షణం కూర్చుని, లేచి, "లోయకి పోయే దారి" అన్నారు.

దారి నిటారుగా ఉంది, వంపుల మీద వంపులు. ప్రతి వంపులోనూ నా కళ్ళు కిందికే, చెట్ల మధ్యకే పోతున్నాయి. నాలుగో వంపులో కనబడింది. రోడ్డు పక్క గడ్డిలోకి తిప్పి ఆపిన కారు, పొట్ట నేలకి ఆన్చుకుని ఉంది. దాని కింద నూనె మరక. పక్కనే రాతి మీద ఎలెన్, ఒళ్ళో పూలు. సమాధి దగ్గరికి వెళ్ళనేలేదు. నేను బ్రేకు మీద కాలు వేసి, స్టీరింగ్ మీద తల ఆన్చి ఏడ్చేశాను.

దారిలో స్టీరింగ్ ముందున్న ఎర్ర దీపం వెలిగిందట. అది వెలిగితే ఎక్కడుంటే అక్కడ ఆపేయమని ఆవిడ భర్త నేర్పాడు. ఆపింది. ఇంకో రెండు వంపులు పోయి ఉంటే ఆపడానికి బ్రేకు ఉండేది కాదు. పోలీసు మనిషి ఎవరూ రాలేదు.

మామయ్యగారు టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డారు. దొర ముందు ఎలా నిలబడేవారో అలా. ఫ్రెంచిలో చెప్పారు. భాష రాకపోయినా నాకంతా అర్థమైంది. ఆవిడ ఒళ్ళో పూలు సర్దుకుంటూ ఏదో అంది. ఆయన భుజాలు దిగిపోయాయి. ఏమందని తర్వాత అడిగితే చెప్పారు: "నిన్న ఇది వేరే నూనె కదా అని అడిగాను. మీరు నవ్వారు. నా భాషలో నవ్వే మనిషి దొరికాడని మళ్ళీ అడగలేదు. తప్పు మీ ఒక్కరిదే కాదు" అందట.

ఆదివారం

పక్కింటివాళ్ళ ట్రాక్టరుతో కారుని పైకి లాగించాం. సాయంత్రం ఎలెన్ వంటింట్లోంచి శాంతికి ఫోన్ చేశాను. ముందు ఏడ్చింది, తర్వాత కోప్పడింది. "వదినా, మనవడి కన్నా ఎవరో ఆవిడ కార్ ముఖ్యమైపోయిందా నాన్నకి?" అంది. ఫోన్ ఆయనకిచ్చాను. "మీ మావగారిని ఎత్తుకోమనమ్మా. పేరు మీ ఇట్టం" అని పెట్టేశారు. తను అనుకున్న పేరు మాత్రం చెప్పలేదు.

ఆదివారం ప్రార్థన వేళకి ఆయన కారు కింద పడుకుని ఉన్నారు. ఉన్న నూనె మొత్తం దించి, ట్యాంకు కడిగి, మొదటి డబ్బా పోసి, ఇంజను తిప్పి, అదీ దించేశారు. అప్పుడు రెండో డబ్బా. నేను పళ్ళెం పట్టుకున్నాను, ఎలెన్ గుడ్డలు అందించింది. పన్నెండు గంటలప్పుడు, నేపర్‌విల్‌లో అప్పటికి పదకొండు, ఆయన ఒకసారి ఆగి, వాచీ చూసుకుని, కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ పనిలో పడ్డారు.

మధ్యాహ్నం ఇంజను వేశాం. కారు లేవలేదు. ముగ్గురం నిలబడి చూస్తున్నాం. ఎంతసేపయిందో, వెనకభాగం కదిలింది. అంగుళం, రెండు అంగుళాలు. ఆ తర్వాత ముందుభాగం. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గంటసేపు అలాగే ఉంచి, కింద పేపరు పరిచి చూశాం. చుక్క పడలేదు. ఇంటి ముందు వీధిలో పదిసార్లు బ్రేకు వేసి చూసిందావిడ.

ఎలెన్ తాళం తీసి మామయ్యగారికి చాపింది. ఆయన ఏళ్ళ తరబడి కోరుకున్నది అదే. ఆయన తల అడ్డంగా ఊపి, చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు.

"వద్దు మామయ్యగారూ" అన్నాను కిటికీ దగ్గరికెళ్ళి. "ఇంకో రోజు చూడనివ్వండి."

"ఆవిడ ఎలాగూ దిగుద్ది. నేను పోసిన నూనెతో ఒక్కత్తినీ ఎలా పంపమంటావ్?" అన్నారు.

రెండు కార్లూ కొండ దిగాయి. ముందు వాళ్ళు, వెనక నేను. ప్రతి వంపులో ఆ కారు వెనక ఎర్ర దీపాలు వెలిగేదాకా నాకు ఊపిరి ఆడలేదు. ప్రతి వంపులోనూ వెలిగాయి. లోయలో, సమాధుల దగ్గర, ఒక రోజు ఆలస్యంగా ఆవిడ పూలు పెట్టింది. మామయ్యగారు కాస్త దూరంగా నిలబడ్డారు.

నేపర్‌విల్

సోమవారం సాయంత్రం చేరాం. బిడ్డకి అప్పటికే పేరు పెట్టేశారు. శాంతి తండ్రితో ముభావంగానే ఉంది. ఆ సాయంత్రం ఇంట్లో కూటం, సంఘంవాళ్ళు ముప్పైమంది దాకా వచ్చారు. పాటలయ్యాక ఎవరో, "యోసేపు గారూ, ఆముదం సాక్ష్యం చెప్పండి, మా పిల్లలు వినలేదు" అన్నారు.

ఆయన లేచారు. ఎప్పటిలాగే మొదలుపెట్టారు. జాలరి భార్య, ఇంట్లో ఆముదం, వీధిలో సారా. ఎప్పటిలాగే నవ్వారు. కాకినాడ చేరాక ఆయన ఆగాలి, అందరూ స్తోత్రం అనాలి. కొందరు అన్నారు కూడా. ఆయన చెయ్యెత్తి, "ఇంకా ఉందండి" అన్నారు.

మిగతాది చెప్పారు. ఆకుపచ్చ మూత దగ్గర్నుంచి, రాతి మీద పూలతో కూర్చున్న మనిషి దాకా. ఏదీ దాచలేదు. "ఆ రోజు కాకినాడ రోడ్డు మీద కాపాడింది దేవుడండి. ముప్పై ఏళ్ళూ నేను పొగిడింది ఆముదాన్ని. ఆముదాన్నీ కాదు, నన్నే" అని కూర్చున్నారు.

ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరుగారు కూడా పుస్తకం వైపే చూస్తున్నారు.

శాంతి గదిలోంచి బిడ్డను తెచ్చి తండ్రి ముందు నిలబడింది. ఆయన చేతులు చాపబోయి, చూసుకుని వెనక్కి తీసుకున్నారు. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో ఆ పచ్చ నూనె ఇంకా పోలేదు.

"కడుక్కుని వత్తానమ్మా" అన్నారు.

"అక్కర్లేదు నాన్నా" అని శాంతి బిడ్డను ఆ చేతుల్లో పెట్టింది.